ఆయనకు నేను బాకీ పడ్డ ఐదు ఫ్లైలు

నా ఫిషింగ్ బ్యాగులో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా ఒకటి ఉంది. అందులో ఏడు ఫ్లైలు ఉన్నాయి. నిజానికి పన్నెండు ఉండాలి. ఒక పెద్దాయన అడిగితే కట్టడం మొదలుపెట్టాను. ఏడు దగ్గర ఆగిపోయాను. ఈలోగా ఆయన వెళ్లిపోయారు.

ఫ్లై అంటే నిజం ఈగ కాదు. వేలి గోరంత కొక్కేనికి కోడి ఈక, కాస్త బొచ్చు, దారం చుట్టి, నీళ్లమీద వాలిన పురుగులా కనిపించేలా చేసే ఎర. దాంతో చేపలు పట్టడాన్నే ఫ్లై ఫిషింగ్ అంటారు. భీమవరం పక్క ఊళ్లో చేపల చెరువుల మధ్య పుట్టిన నాకు ఈ పిచ్చి పట్టించింది ఒక అమెరికన్ ముసలాయన. ఆయన పేరు రాయడం లేదు. ఫోటో తీస్తానంటేనే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి. ఇక్కడ కూడా పెద్దాయన అనే పిలుచుకుందాం.

నయాగరా నుంచి వస్తుంటే

న్యూజెర్సీలో ఉండే తెలుగోళ్లం కొత్తలో అందరం చేసే పనే నేనూ చేశాను. లాంగ్ వీకెండ్ వచ్చింది, నలుగురు రూమ్మేట్లం కారేసుకుని నయాగరా వెళ్లాం. పులిహోర, చికెన్ ఫ్రై, వందల ఫోటోలు. తిరిగొస్తూ రూట్ 17 మీద రాస్కో అనే ఊళ్లో పెట్రోలు కోసం ఆగాం. క్యాట్‌స్కిల్ కొండల అంచున చిన్న ఊరు. 'ట్రౌట్ టౌన్ యూఎస్ఏ' అని గర్వంగా చెప్పుకుంటుంది.

మిగతావాళ్లు కాఫీకి వెళ్తే నేను ఏటి గట్టుకి నడిచాను. అక్కడ విల్లోవీమాక్ అనే ఏరు వచ్చి బీవర్‌కిల్‌లో కలుస్తుంది. ఆ మడుగుని జంక్షన్ పూల్ అంటారు. బీవర్‌కిల్ అంటే బీవర్లను చంపే చోటు అనుకున్నా మొదట. కాదట. ఇక్కడ ముందు స్థిరపడ్డ డచ్చివాళ్ల భాషలో కిల్ అంటే ఏరు. మన వాగు లాంటి మాట.

తొడల్లోతు నీళ్లలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. ఛాతీ దాకా రబ్బరు ప్యాంటు, నెత్తిన పాత టోపీ. కర్ర ఆడిస్తుంటే పసుపుపచ్చ తాడు గాలిలో ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి సాగి, ఆకు రాలినంత మెల్లగా నీళ్లమీద పరుచుకుంటోంది. రెండు నిమిషాల్లో చేప తగిలింది. చెయ్యి తడుపుకుని, చేపని నీళ్లలోనే పట్టుకుని, కొక్కెం తీసి, వదిలేశారు.

నాకు ప్రాణం ఉసూరుమంది. కిలో దగ్గర దగ్గర ఉంటుంది!

"ఎందుకు వదిలేశారు?" అని గట్టు మీంచే అరిచాను.

ఆయన తిరిగి చూసి నవ్వారు. "మళ్లీ కలవాలని ఉంది కాబట్టి" అన్నారు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "పట్టిన చేపని వదిలేశాడా? పాపం, ఇంట్లో వండిపెట్టేవాళ్లు లేరేమోరా" అంది. అమ్మ సరదాకే అంది కానీ అది నిజం. ఆయన భార్య పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆగడమే అసలు పని

రెండు వారాల తర్వాత ఒక్కడినే వెళ్లాను. ఎడిసన్ నుంచి రెండున్నర గంటల డ్రైవ్. ఆయన అదే మడుగులో ఉన్నారు. నన్ను గుర్తుపట్టి, "చేప కోసం వచ్చావా, మళ్లీ ప్రశ్నలు అడగడానికా?" అన్నారు. "నేర్చుకోడానికి" అన్నాను. అంతే. ఆయన పాత కర్ర ఒకటి, తొమ్మిది అడుగులది, ఆ రోజు నుంచీ నా చేతికి వచ్చింది.

మన గాలంలో సీసం బరువు ఎరని లాక్కెళ్తుంది. ఫ్లైకి బరువే ఉండదు, ఊదితే ఎగిరిపోతుంది. అందుకే ఇక్కడ తాడుకే బరువు పెడతారు. విసిరేది తాడుని, ఫ్లై దాని వెనక వెళ్తుంది. కర్రని గడియారంలో పది అంకె దగ్గర, రెండు అంకె దగ్గర ఆపాలి. వెనక్కి వెళ్లిన తాడు పూర్తిగా సాగేదాకా ఆగాలి. అప్పుడే ముందుకు తేవాలి.

నేను ఆగేవాణ్ణి కాదు. రేవులో బట్టలు బాదినట్టు నీళ్లని బాదేవాణ్ణి. ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో కరెంటు లైన్‌మన్. ముప్పై ఏళ్లు మంచులో స్తంభాలు ఎక్కిన మనిషి. "తీగ దగ్గర తొందరపడ్డవాడు ఇంటికి రాడు. ఇక్కడ తొందరపడితే చేప రాదు, అంతే తేడా. ఆగు. ఆ ఆగడమే అసలు పని" అనేవారు.

మొదటి సీజన్ మొత్తంలో నేను పట్టిన చేపలు సున్నా. చెట్టు కొమ్మలకి తగిలించిన ఫ్లైలు మాత్రం ముప్పై పైనే. ప్రతిసారీ నేను తిట్టుకుంటుంటే ఆయన తీరిగ్గా ఇంకోటి తీసి ఇచ్చేవారు. "పర్లేదు. చెట్లకి కూడా వాటా ఉంటుంది" అనేవారు.

చేప ముందు పురుగుని చదవాలి అనేవారు. ఏటి అడుగున ఒక రాయి తిప్పి చూపించారు. కింద చిన్న చిన్న పురుగులు పాకుతున్నాయి. మేఫ్లై పిల్లలు. దాదాపు ఏడాది నీళ్లలోనే బతికి, ఒకరోజు పైకి తేలి, పొర వదిలి, రెక్కలు విప్పుకుని ఎగురుతాయి. మన దగ్గర తొలకరి వానకి ఉసిళ్లు లేస్తాయే, అలా. ఎగిరాక వాటికి తినడానికి పనికొచ్చే నోరే ఉండదు. జత కట్టి, గుడ్లు పెట్టి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. అవి లేచే ఆ కాస్త సమయంలోనే ట్రౌట్‌లు పైకొచ్చి గుటుక్కుమనిపిస్తాయి. మనం కట్టిన ఫ్లై ఆ క్షణంలో వాటి మధ్య ఉండాలి.

క్యాట్‌స్కిల్‌లో ఏప్రిల్ చివర్లో, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో లేచే మేఫ్లైని హెండ్రిక్సన్ అంటారు. దాన్ని పోలిన ఫ్లైని 1916 ప్రాంతంలో రాయ్ స్టీన్‌రాడ్ అనే ఆయన కట్టారు. తనతో చేపలకు వచ్చే నేస్తం ఎ.ఇ. హెండ్రిక్సన్ పేరు పెట్టారు. ఆ స్టీన్‌రాడ్‌కి ఫ్లైలు కట్టడం నేర్పింది థియోడర్ గోర్డన్. 1890లో గోర్డన్ ఇంగ్లండ్‌లోని హాల్‌ఫర్డ్ అనే నిపుణుడికి ఉత్తరం రాస్తే, ఆయన జవాబుతో పాటు కొన్ని ఫ్లైలు పంపారు. అవి ఇంగ్లండ్‌లో నిదానంగా పారే ఏళ్లకి చేసినవి. ఇక్కడి వడి నీళ్లకి తగ్గట్టు వాటిని మార్చి కట్టారు గోర్డన్. అమెరికాలో నీళ్లమీద తేలే ఫ్లైతో చేపలు పట్టే పద్ధతి అలా నాటుకుంది.

ఈ కథంతా చెప్పి పెద్దాయన, "చూశావా, ఈ విద్య పుస్తకంలోంచి రాలేదు. ఒకడు అడిగాడు, ఇంకొకడు కవర్లో పెట్టి పంపాడు" అన్నారు. అప్పుడు ఆ మాట నాకు పెద్దగా ఎక్కలేదు.

వలస వచ్చిన చేప

రెండో ఏడాది మే నెలలో నా మొదటి చేప పడింది. జానెడు బ్రౌన్ ట్రౌట్. ఒంటినిండా గోధుమ రంగు, మీద నల్ల చుక్కలు, అక్కడక్కడా కుంకుమ బొట్టు పెట్టినట్టు ఎర్ర చుక్కలు. చేతులు వణికాయి.

"నీకు సరైన చేపే పడింది. ఇది కూడా నీలాగే బయటి నుంచి వచ్చింది" అన్నారాయన.

నిజమే. ఈ ఏళ్లలో మొదటి నుంచీ ఉన్నది బ్రూక్ ట్రౌట్. చల్లటి నీళ్లు ఉంటేనే బతుకుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో తోళ్లు శుద్ధి చేయడానికి బెరడు కోసం ఈ కొండల్లో హెమ్లాక్ చెట్లు కొట్టేశారు. నీడ పోయింది, నీళ్లు వేడెక్కాయి, బ్రూక్ ట్రౌట్ పైకి, చిన్న వాగుల్లోకి తగ్గిపోయింది. 1883లో జర్మనీ నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు ఓడలో న్యూయార్క్ వచ్చాయి. ఆ చేప కాస్త వేడిని తట్టుకుంటుంది, ఓ పట్టాన పడదు. మొదట్లో చాలామంది తిట్టుకున్నారట, ఇదెక్కడి చేపరా బాబూ అని. ఇప్పుడు క్యాట్‌స్కిల్ అంటే గుర్తొచ్చేదే అది.

"అయితే దానికి గ్రీన్ కార్డ్ వచ్చేసినట్టే. నాది ఇంకా క్యూలో ఉంది" అన్నాను. ఆయనకి ఆ క్యూ సంగతి తెలీదు. గట్టున కూర్చుని హెచ్-వన్-బీ, ప్రయారిటీ డేట్, స్టాంపింగ్ అన్నీ వివరించాను. అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ప్రతి సీజన్ మొదట్లో ఆయన అడిగే మొదటి ప్రశ్న చేపల గురించి కాదు. "నీ డేట్ ఎంత కదిలింది?"

పర్ల, డేగ, మైల

చలికాలంలో చేపల పని తక్కువ. ఫ్లైలు కట్టే కాలం అది. ఆయన వంటింటి బల్ల మీద దీపం, చిన్న పట్టుకారు, దారపుండలు, ఒక పాత చుట్టల పెట్టె నిండా ఈకలు. నీళ్లమీద తేలే ఫ్లైకి పుంజు మెడ ఈక కావాలి. దాని పోచలు గట్టిగా ఉంటాయి, నీళ్లు పీల్చవు. చుట్టితే పువ్వులా విచ్చుకుని ఫ్లైని నిలబెడతాయి.

ఒకరోజు ఆయన ఈకలు చూపిస్తూ రంగుల పేర్లు చెప్తున్నారు. ఎర్రది, నల్లది, నలుపు తెలుపు చారలది. నాకు నవ్వాగలేదు. భీమవరం కుర్రాడికి కోడి ఈకల పాఠమా! "మా ఊళ్లో వీటికి పేర్లున్నాయి. నల్లది కాకి, తెల్లది సేతువ, ఎర్రది డేగ. మెడ మీద నలుపు తెలుపు కలిస్తే పర్ల" అన్నాను.

ఆయన దారం వదిలేసి కళ్లద్దాలు తీశారు. "ఇంకోసారి చెప్పు."

అలా సంక్రాంతి పందేల గురించి చెప్పాల్సి వచ్చింది. ఏ రోజు ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం గురించి కూడా. "ఇప్పటికీ పందేలు జరుగుతాయా?" అని అడిగారు. "చట్టం వద్దంటుంది. సంక్రాంతి వినదు" అన్నాను. ఆయనకి కోళ్లు కొట్టుకోవడం నచ్చలేదు, పేర్లు మాత్రం తెగ నచ్చాయి. పెట్టె అడుగు నుంచి ఎప్పటిదో ఒక పొట్లం తీశారు. దానిమీద 'ఇండియన్ నెక్' అని ఉంది. ఒకప్పుడు ఇక్కడివాళ్లు ఫ్లైలకి మన దేశం నుంచి వచ్చిన పుంజు మెడలే ఎక్కువ వాడేవారట. "చూడు, మీ కోడి నీకంటే ముందే ఇక్కడికి వచ్చింది" అన్నారు.

హెండ్రిక్సన్‌కి కావాల్సింది మాత్రం బూడిద రంగు ఈక. దాని పేరు నాకు తట్టలేదు. అక్కడికక్కడే నాన్నకి వీడియో కాల్ చేశాను. ఇక్కడ రాత్రి తొమ్మిది, అక్కడ పొద్దున్నే. చెరువు గట్టు మీద లుంగీలో నాన్న. పెద్దాయన ఈకని కెమెరా ముందు పెట్టి తిప్పుతుంటే, నాన్న ఫోన్‌ని కంటికి దగ్గరగా పెట్టుకుని, "కాస్త దీపం కిందకి పెట్టమనరా... ఆ. ఎరుపు తగిలిన బూడిద. మైల" అన్నారు.

"మైలా" అన్నారు పెద్దాయన.

"మైలా కాదండి, మైల" అన్నారు నాన్న, అచ్చ తెలుగులో.

ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నేను మధ్యలో తర్జుమా. అరగంట మాట్లాడుకున్నారు. చివర్లో నాన్న అడిగారు: "ఆయన్ని అడగరా, పట్టిన చేపని వదిలేస్తే మరి ఆయనకేం లాభం?" నేను తర్జుమా చేశాను. పెద్దాయన కాసేపు ఆలోచించి నా వైపు చూపించారు. "వీడు తగిలాడుగా." అది మాత్రం నాన్నకి తర్జుమా చేయలేకపోయాను. ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను.

చేపలకు సెలవు

ఒక జులై శనివారం పొద్దున్న నాలుగింటికి లేచి వెళ్లాను. వారం మొత్తం ఆఫీసులో ప్రొడక్షన్ గొడవలు, ఈ ఒక్కరోజు కోసం ఎదురుచూశాను. ఆయన నీళ్లలో థర్మామీటర్ ముంచి తీశారు. 70 డిగ్రీల ఫారన్‌హీట్.

"ఈరోజు చేపలకు సెలవు" అన్నారు.

ఏటి నీళ్లు 68 డిగ్రీలు దాటితే, అంటే మన లెక్కలో 20 సెల్సియస్, ట్రౌట్‌కి ఆక్సిజన్ సరిపోక ఆయాసం వస్తుంది. అప్పుడు దాన్ని పట్టి, పెనుగులాడించి వదిలినా, ఈదుకుంటూ వెళ్లినట్టే వెళ్లి తర్వాత చచ్చిపోవచ్చు. "అంత దూరం నుంచి వచ్చాను, ఒక్క గంట" అన్నాను. "నువ్వు వచ్చిన దూరం చేపకి తెలీదు" అన్నారు.

కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఆయన వెనక నడిచాను. ఒక చల్లటి ఊట ఏట్లో కలిసే చోటికి తీసుకెళ్లి, పొద చాటున పడుకోబెట్టి చూపించారు. బండ నీడలో పాతిక ముప్పై ట్రౌట్‌లు ఒకదాని పక్కన ఒకటి, ఎండాకాలం చలివేంద్రం దగ్గర జనంలా. ఒక్క గాలం వేస్తే ఏదో ఒకటి పడుతుంది. ఇద్దరం గంటసేపు కదలకుండా చూశాం. నా ఫోన్‌లో ఆ రోజు ఫోటో ఒక్కటీ లేదు. కానీ ఎనిమిది సీజన్లలో నాకు బాగా గుర్తున్న రోజు అదే.

నీళ్ల కింద ఊరు

ఇంకోసారి, అక్టోబర్‌లో, ఆకులు ఎర్రబడ్డాక, పెపాక్టన్ రిజర్వాయర్ దగ్గరికి తీసుకెళ్లారు. మాన్‌హట్టన్‌లో మా ఆఫీసు కుళాయిలో వచ్చే నీళ్లు ఈ కొండల్లోవే అని అక్కడే తెలిసింది నాకు. న్యూయార్క్ సిటీ దాహం కోసం ఈ ప్రాంతంలో ఒకదాని తర్వాత ఒకటి డ్యాములు కట్టారు. 1954లో పూర్తయిన ఈ డ్యాము కింద నాలుగు ఊళ్లు మునిగాయి. షేవర్‌టౌన్ అందులో ఒకటి. అది ఆయన అమ్మమ్మగారి ఊరు.

ఇళ్లు పడగొట్టారు, చెట్లు నరికారు. శ్మశానాలు తవ్వి సమాధుల్ని వేరేచోటికి మార్చారు. "మా తాతని రెండుసార్లు పూడ్చారు" అన్నారాయన, నీళ్ల వైపు చూస్తూ.

మా ఇంజినీరింగ్ రూమ్మేట్‌ది పోలవరం ముంపు మండలం. వాడి మాటలు గుర్తొచ్చి చెప్పాను. అక్కడా అంతే, ఊరు ఖాళీ చేసిన రోజు ఇంటి గుమ్మం ఊడదీసుకుని వెళ్లారని. పెద్దాయన తలూపారు. "మా అమ్మమ్మ తలుపు గొళ్లెం తెచ్చుకుంది."

చిత్రమేంటంటే, డ్యాము అడుగు నుంచి వదిలే చల్లటి నీళ్ల వల్లే కింద ఏట్లో ఎండాకాలం కూడా ట్రౌట్ బతుకుతోంది. "ఇది మా ఊరిని మింగింది, నా చేపల్ని బతికించింది. తిట్టాలో దణ్ణం పెట్టాలో డెబ్భై ఏళ్లు వచ్చినా తేల్చుకోలేదు" అన్నారు. ఆ రోజు గాలం వేయలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో రేడియో కూడా పెట్టలేదు.

ఏడు దగ్గర ఆగింది

చివరి రెండు సీజన్లూ ఆయనకి కాళ్లు పట్టు తప్పాయి. నీళ్లలో నేను ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడేవాణ్ణి. తర్వాత చేతులు వణకడం మొదలైంది. కొక్కెం కంట్లో దారం ఎక్కించడానికి పది నిమిషాలు పట్టేది. నేను కడతానంటే ఇచ్చేవారు కాదు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఫోన్ చేశారు. "కిడ్, ఒక సాయం. డజను హెండ్రిక్సన్‌లు కట్టి పంపుతావా? నా చేతులు మాట వినడంలేదు. ఏప్రిల్ చివరికి కావాలి."

అన్నేళ్లలో ఆయన నన్ను అడిగిన మొదటి సాయం అది. "వచ్చే వారమే పంపుతా" అన్నాను.

ఒక రాత్రి కూర్చుని ఏడు కట్టాను. బూడిద రంగు ఈక అయిపోయింది. ఆర్డర్ పెట్టాలి. మర్నాడు ఆఫీసులో రిలీజ్ పని, ఆ తర్వాత ఇంకేదో. ఏడు ఉన్నాయి కదా, పంపేద్దామా అని ఒకసారి అనిపించింది కూడా. డజను అడిగారు, ఏడు పంపితే ఏం బాగుంటుంది, పూర్తయ్యాకే పంపుదాం అనుకున్నాను. డబ్బా బల్ల మీదే ఉంది. పొద్దున్నే దాని పక్కనే కాఫీ కప్పు పెట్టేవాణ్ణి.

మార్చి మూడో వారంలో వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. రాత్రి నిద్రలోనే పోయారట.

ఆగడమే అసలు పని అని నేర్పిన మనిషి దగ్గర ఎనిమిదేళ్లు చదువుకుని, ఎప్పుడు ఆగకూడదో మాత్రం నేర్చుకోలేదు. గోర్డన్ అడిగితే హాల్‌ఫర్డ్ ఉన్నవి కవర్లో పెట్టి పంపాడు. నేను డజను కోసం చూస్తూ కూర్చున్నాను. ఆ ఏడు ఫ్లైలు ఆయన చేతికి అంది ఉంటే వాటితో ఏం చేసేవారో కాదు. ఒక సాయంత్రం దీపం కింద పెట్టుకుని, ఒక్కొక్కటీ తిప్పి చూసి, "రెక్క కాస్త వంకరగా ఉంది" అని వంక పెట్టేవారు. ఆ సాయంత్రం ఆయనకి లేకుండా చేశాను.

మీరూ వెళ్లాలనుకుంటే

న్యూయార్క్, న్యూజెర్సీ వైపు ఉంటే ఏప్రిల్ చివరి నుంచి మే మధ్య దాకా రాస్కో వెళ్లండి. గాలం వేయకపోయినా పర్లేదు, రంగుల కోసం అక్టోబర్ కూడా బాగుంటుంది. పదహారేళ్లు దాటినవాళ్లకి ఫిషింగ్ లైసెన్స్ తప్పనిసరి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఏటి ఒడ్డు చాలాచోట్ల ప్రైవేటు స్థలం. పసుపు బోర్డులు ఉన్నచోట అందరూ చేపలు పట్టుకోవచ్చు. కొన్ని భాగాల్లో పట్టిన చేపని వెంటనే వదిలేయాలి, బోర్డు చదివాకే దిగండి. లివింగ్‌స్టన్ మేనర్ దారిలో ఫ్లై ఫిషింగ్ మ్యూజియం ఉంది, పాత ఫ్లైలు, కర్రలు చూడొచ్చు. నీళ్లలోకి ఒంటరిగా దిగొద్దు, రాళ్లు నాచు పట్టి జారతాయి. జేబులో థర్మామీటర్ మర్చిపోవద్దు.

ఇండియాలో ఉన్నవాళ్లకి హిమాచల్‌లో తీర్థన్ లోయ, కశ్మీర్‌లో లిద్దర్ నది ఉన్నాయి. అక్కడి బ్రౌన్ ట్రౌట్ కూడా వలస వచ్చిందే, బ్రిటిష్‌వాళ్ల కాలంలో. పర్మిట్ తీసుకునే వెళ్లాలి.

మే నెల, రెండు గంటలకి

మే మొదటి శనివారం వాళ్లమ్మాయి రమ్మంటే వెళ్లాను. వంటింటి బల్ల అలాగే ఉంది. చుట్టల పెట్టె నా ముందు పెట్టి, "ఇది నీకివ్వమని రాసి పెట్టారు. లోపల ఏదో కొత్త భాష ఉంది, మాకెవరికీ అర్థం కాలేదు" అంది.

మూత తీశాను. ఒక్కో అరకి ఒక్కో టేపు ముక్క. దానిమీద ఇంగ్లిష్ అక్షరాల్లో, వణికిన చేత్తో, ఆయన పలికినట్టే రాసి ఉంది. కాకీ. సేతువా. డేగా. పార్లా. చివరి అరలో బూడిద రంగు ఈకలు. మైలా.

ఆవిడ ఏంటవి అని అడిగింది. మా ఊరి కోళ్ల పేర్లు అని చెప్పాను. చివరిదానికి ఇంకో అర్థం కూడా ఉందని చెప్పాను. ఇంట్లో ఎవరైనా పోతే అయినవాళ్లు కొన్ని రోజులు పాటించేదాన్ని కూడా మేం మైల అనే అంటామని. పెద్దాయనకి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదు. నేనాయనకి రక్తసంబంధం కాదు, నాకు మైల ఉండదు. అయినా మార్చి నుంచి ఆ రోజు దాకా కర్ర ముట్టుకోలేదు.

"ఇక్కడ కాసేపు కూర్చోవచ్చా?" అని అడిగాను. ఆవిడ దీపం వేసి, కాఫీ పెట్టి, పక్క గదిలోకి వెళ్లింది. ఆ అరలోంచి ఈకలు తీసి మిగిలిన ఐదూ కట్టాను. రెండింటికి రెక్క వంకరగానే వచ్చింది. పన్నెండూ డబ్బాలో పెట్టి ఏటికి వెళ్లాను.

రెండు గంటలయ్యింది. జంక్షన్ పూల్ మీద ఎండ పడింది. ముందు ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని హెండ్రిక్సన్‌లు నీళ్లలోంచి లేచి, చిన్న తెరచాపల్లా రెక్కలు నిలబెట్టుకుని తేలుతూ వస్తున్నాయి. అవతలి బండ పక్కన ఒక చేప పైకొచ్చి ముక్కు చూపించింది. పెద్దదే.

కొత్తగా కట్టిన ఐదింట్లో ఒకటి ముడేశాను. కర్ర ఎత్తాను. తాడు వెనక్కి వెళ్లింది. కళ్లు మసకబారాయో, చేప కనబడిన తొందరో, ఆగాల్సినంత ఆగలేదు. వెనకాల చెట్టు కొమ్మకి తగిలి టప్పున ఆగింది. లాగితే తెగిపోయింది.

తలెత్తి చూస్తే ఫ్లై అంత ఎత్తున కొమ్మకి వేలాడుతూ గాలికి ఊగుతోంది. గట్టిగా నవ్వొచ్చింది. పక్క మడుగులో ఉన్నతను తిరిగి చూశాడు కూడా.

ఇప్పుడు డబ్బాలో పదకొండు ఉన్నాయి. పన్నెండోది చెట్టు వాటా.